మోటరు షెడ్డు ఫోను

గిద్దలూరులో కంప్యూటరు నేర్పే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్న ధనుంజయకు, రాచర్ల పక్కనున్న తన సొంత ఊళ్లో ఒక్క మనిషి తెలివి మీదా నమ్మకం లేదు. ఆదివారం ఆదివారం బండేసుకుని వచ్చేవాడు. వచ్చీ రాగానే ఎవరి చేతిలో ఏ ఫోనుందో చూసేవాడు. పక్క చేను సుబ్బన్న జేబులో ఉన్న బటన్ల ఫోను చూసి, "అన్నా, ఇది ఫోనా, సబ్బు పెట్టెనా?" అనేవాడు. సుబ్బన్న నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు కూడా తెలివితక్కువతనమే అని ధనుంజయ లెక్క.

నాగేంద్రమ్మకు అతను మరిది. ఆమె పెళ్లయి ఆ ఇంటికి వచ్చేనాటికి నిక్కరేసుకుని గొర్రెపిల్లల వెంట పరిగెత్తేవాడు. ముక్కు తుడిచింది తనే, బడికి పంపింది తనే. ఇప్పుడు అతను అన్నం తింటూ, "మీకు చెప్పినా అర్థం కాదులే వదినా" అంటే ఆమె ఇంకో గరిటె పప్పు వేసేది. తిట్టడానికి నోరు లేక కాదు. తిట్టాలంటే ఎదుటి మనిషిని కాస్తయినా లెక్కలోకి తీసుకోవాలి కదా. ధనుంజయ మాటల్ని లెక్కలోకి తీసుకోవడం ఆమె ఏనాడో మానేసింది. చదువు మనిషిని పెద్ద చేస్తుందని విని ఉంది. ఈ అబ్బిని మాత్రం నోరొక్కటే పెద్దది చేసి వదిలేసింది ఎందుకో అని అప్పుడప్పుడు దేవుడి గూటి ముందు కూర్చుని ఆలోచించేది.

ఆ ఏడు వాళ్లు కొండవైపు చేలో మిరప నాటారు. నాటే వేళకు మొహం చూపించిన వాన తరవాత మళ్లీ కనిపించలేదు. భర్త కాటమరాజు మందను తోలుకుని అడవి అంచుకు వెళ్లాడు. కింద చేలన్నీ పైర్లతో ఉన్న రోజుల్లో గొర్రెలకు కొండే గతి. అక్కడ ఫోను పలకదు. పోయేముందు పెళ్లానికి ఒక్క మాటే చెప్పాడు. "మిరప నీ చేతిలో పెట్టి పోతున్నా. ఇది పోయిందంటే మందలో సగం సంతకు పోతది."

బోరుంది, నీళ్లున్నాయి. లేనిది కరెంటుకు ఒక వేళ. మోటర్లకిచ్చే కరెంటు ఒకనాడు తెల్లారగానే వచ్చేది, ఒకనాడు మధ్యాహ్నం వచ్చేది. వచ్చింది ఎంతసేపుంటుందో లైన్‌మన్‌కు కూడా తెలియదు. కరెంటు రాగానే దానంతటదే మోటరును ఆడించే పెట్టె కిందటేడు బిగించారు. బోరులో నీళ్లు దిగిపోయినా అది ఆపకుండా ఆడించి మోటరును కాల్చిపెట్టింది. అప్పట్నుంచి మనిషే దగ్గరుండి స్టార్టర్ వేయాలి, మనిషే కట్టేయాలి. అందుకని నాగేంద్రమ్మ పొద్దుటే ఇంటిపని ముగించుకుని, చేనికి నడిచి వెళ్లి, షెడ్డు పక్క తుమ్మచెట్టు నీడలో అమ్మవారి నామాలు చెప్పుకుంటూ కరెంటు కోసం కాచుక్కూర్చునేది. ఇంటిదగ్గరేమో ఈనిన గొర్రెలు, పాలు కుడిచే పిల్లలు. మనసు అక్కడ, ఒళ్లు ఇక్కడ.

ఇది చూసి ధనుంజయ ఒక యాప్ తయారుచేశాడు. వదిన మీద జాలితో అని అనుకుంటే పొరపాటే. ఆ మాట అతనే చెప్పాడు. "ముందు మన షెడ్డులో పెట్టి చూస్తా. పనిచేసిందంటే పొదిలిలో మోటర్లమ్మే ఏబేలు గారికి చూపించాల. జిల్లా అంతా అమ్ముకోవచ్చు."

పాత టచ్ ఫోనొకటి తెచ్చి, షెడ్డు గోడలోని గూట్లో పెట్టి, ఛార్జర్ తగిలించాడు. తగిలించి బడిపంతులు లాగా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఫోను ఆన్ అయినప్పుడు లోపల ఒక కబురు పుడతది వదినా. 'నేను లేచినా' అని అది అన్ని యాప్‌లకూ చెప్తది. ఆ కబురు వినంగానే మన యాప్ లేచి, తెర మీద ఏం కనపడకుండా ఎనకాల కూచుంటది. ఛార్జర్‌కు కరెంటు వచ్చిందనుకో, అది ఇంకో కబురు. అది వినంగానే నీకు ఫోను కొడతది. నువ్వు ఇంటికాడ ఉండి, ఫోనొస్తే చేనికి పో. రాకపోతే పోవాకు. అంతే."

"అంటే కాపలా కుక్క మాదిరనా?"

"కుక్కేంది? సర్వీసు అంటారు దాన్ని. బ్యాక్‌గ్రౌండ్ సర్వీసు."

"మరి అది నిద్రపోతే?"

"అది నిద్రపోదు. మీరే నిద్రపోతారు."

చివర్లో అతను తెర మీద వేలితో ఏదో గీత గీశాడు. గీసేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అదేంది అబ్బీ?"

"తాళం."

"గూట్లో ఉండే ఫోనుకు తాళం ఎందుకు?"

"నీకెందుకులే వదినా. నువ్వు దాన్ని ముట్టే పనే లేదు."

సుబ్బన్న అప్పుడు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. "ఏందక్కా, కొత్త జీతగాడా?" అన్నాడు.

"అవునన్నా. కూడు అడగడంట."

"మంచోడే. మాట్లాడడు కూడా. మీ మరిది కంటే నయం."

ధనుంజయ వినపడనట్లు బండి స్టార్ట్ చేశాడు.

నిజం చెప్పాలంటే ఆ ఫోను బాగానే పనిచేసింది. వారాలకొద్దీ చేసింది. ఇంట్లో గొర్రెపిల్లకు పాలు తాపుతుంటే నడుముకు దోపుకున్న ఫోను మోగేది. ఎత్తితే ధనుంజయ గొంతే, ముందే పట్టి పెట్టిన మాట, "కరెంటు వచ్చింది, కరెంటు వచ్చింది" అనేది. ఆ గొంతులో కూడా కాస్త గీర ఉందనిపించేది ఆమెకు. కానీ గీరైనా నీళ్లు పారుతున్నాయి, మిరప వేరు పట్టి చిగురేస్తోంది. పని చేసినదాన్ని చెయ్యలేదనడం పాపం. "నీ మిషిను బాగుంది ధనుంజయా" అని ఒక ఆదివారం నోరు తెరిచి చెప్పింది కూడా. "మిషిను కాదు వదినా, యాప్" అని అతను సరిదిద్దాడు. ఆమె మళ్లీ మెచ్చుకోలేదు.

దసరా వచ్చింది. నవరాత్రులన్నీ నాగేంద్రమ్మ ఒంటిపూట భోజనం చేసి దీపం పెట్టుకుంది. మహర్నవమి నాడు పనిముట్ల పూజ. ఆ ఇంట్లో అదొక పట్టింపు. ఏడాదంతా ఒళ్లు వంచిన పనిముట్టుకు ఆ ఒక్కనాడు సెలవు. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పూజలో ఉంచాక తెల్లారి కదిలించిందాకా దానితో పని చేయించకూడదు. ఆమె అత్త అలాగే చేసేది, అత్తకు అత్త కూడా అలాగే చేసి ఉంటుంది. ముందురోజు మిరపకు కడుపునిండా తడి ఇచ్చింది. నవమి నాడు షెడ్డు ఊడ్చి, స్టార్టర్ డబ్బాకు బొట్టు పెట్టింది. పార, కొడవలి, మందు కొట్టే డబ్బా కడిగి వరసగా నిలబెట్టింది. కాటమరాజు పాత గొడ్డలికి దండ వేసింది.

అప్పుడు గూట్లోని ఫోను కనబడింది.

ఇది పనిముట్టా, కాదా? ఆమె కాసేపు దాని ముందు నిలబడి ఆలోచించింది. పగలూ రాత్రీ మేలుకుని కూర్చుంటోంది. అది మేలుకోబట్టే తను ఇంటిదగ్గర నాలుగు ముద్దలు తినగలుగుతోంది. పారకిచ్చిన సెలవు దీనికి ఇవ్వకపోవడం ఏం న్యాయం? ప్రాణం లేదంటావా, పారకు మాత్రం ఉందా? ధనుంజయకు ఫోను చేసి అడుగుదామా అనుకుంది. అడిగితే ఏమంటాడో వరసగా చెవిలో వినబడింది. మీకు బుద్ధి ఎప్పుడొస్తది, ఫోనుకు బొట్టేంది, ఇంకా నయం కోడిని కొయ్యలేదు... పండగ పూట ఆ మాటలు పడటం ఆమెకు ఇష్టం లేకపోయింది. అడగలేదు. పక్కనున్న మీట నొక్కిపట్టి, తన సొంత ఫోనును ఆపినట్లే దాన్నీ ఆపింది. వెనకవైపు చిన్న బొట్టు పెట్టి గూట్లోనే ఉంచి దణ్ణం పెట్టుకుంది.

"ఫోనుకు పెళ్లి చేస్తున్నావా అక్కా?" అని సుబ్బన్న గట్టు మీదనుంచి అరిచాడు.

"పిల్ల దొరికితే చెప్పన్నా."

"నా సబ్బు పెట్టె ఉంది. కట్నం లేకుండా ఇస్తా."

దశమి పొద్దున టెంకాయ కొట్టి, పనిముట్లన్నిటినీ ఒకసారి కదిలించి, ఫోను మీట నొక్కింది. అది వెలిగింది, పాట పాడింది, టైము చూపించింది. ఛార్జర్ పిన్ను సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. నిద్ర లేచింది, ఇక దాని పని అది చేసుకుంటుంది అనుకుని ఇంటికి వచ్చింది.

ఆ రోజు ఫోను రాలేదు. పండగ కదా, కరెంటోళ్లు కూడా జమ్మిచెట్టు కాడికి పోయుంటారు అనుకుంది. మర్నాడూ రాలేదు. ఒకసారి చేనికి పోయి చూసొద్దామా అని చెప్పులేసుకోబోయింది కూడా. అంతలో ఒక గొర్రె ఈనడం మొదలుపెట్టింది, పిల్ల అడ్డం తిరిగింది. దాంతోనే పొద్దు కుంకింది. రాకపోతే పోవాకు అన్నాడు కదా, అదొక ధైర్యం. ఆ పై రోజు మధ్యాహ్నం దాకా కూడా నడుముకున్న ఫోను మాట్లాడలేదు.

సాయంత్రం సుబ్బన్న ఇంటిముందు సైకిలు దిగాడు. ఎప్పుడూ ఉండే ఎగతాళి మొహంలో లేదు.

"అక్కా, మిరపను వదిలేసుకున్నారా ఏంది?"

"ఎందుకన్నా అట్లంటావు? కరెంటుంటే కదా నీళ్లు!"

"కరెంటు లేకపోవడమేంది? పండగ నాడు పొద్దెక్కినాక వచ్చింది. నిన్న వచ్చింది. ఈ పొద్దు ఇంతసేపూ ఉండె. నేను రెండు తడులు పెట్టినా. నువ్వు ఊళ్లో లేవేమో అనుకున్నా."

నాగేంద్రమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

చేను చూసి ఆమె గట్టు మీదే కూలబడింది. కింది సాళ్లలో మొక్కలు తలలు వేలాడేశాయి. పై సాళ్లు మరీ అన్యాయం. అక్కడ నేల గరుకు, తడి నిలవదు. ఆకులు ముడుచుకుపోయి, కాండం వంగి, కొన్ని పట్టుకుంటే విరిగిపోయేట్లు ఉన్నాయి. షెడ్డులోకి వెళ్లి స్టార్టర్ చూసింది. దాని మీది దీపాలు వెలగడం లేదు, కరెంటు అప్పటికే పోయింది. గూట్లో ఫోను దర్జాగా వెలుగుతోంది, టైము చూపిస్తోంది. తొట్టిలో మిగిలిన నీళ్లు బిందెతో ముంచి, చీకటి పడిందాకా పై సాళ్లకు మొక్క మొక్కకూ పోసింది.

ఇంటికొచ్చి మరిదికి ఫోను చేసింది. "నీ ఫోను నాకు చెప్పలేదు ధనుంజయా. మిరప ఎండిపోతా ఉంది."

"చెప్పకుండా ఎట్లుంటది? నువ్వే ఎత్తలేదేమో."

"వస్తే కదా ఎత్తేది?"

"వదినా, రేపు పొదిలి నుంచి ఏబేలు గారిని పిలుచుకొస్తున్నా. ఆయన ముందర ఇట్లాంటి మాటలు మాట్లాడొద్దు. అది రాకుండా ఉండదు. నేను రాసిందది."

నేను రాసింది అనేటప్పుడు ఆ గొంతు వింటే, సృష్టి అంతా అతనే రాసి పక్కన పెట్టాడా అనిపించింది ఆమెకు. మిరప సంగతి అతను ఒక్క మాట అడగలేదు.

మర్నాడు తెల్లారేసరికే ఆమె షెడ్డు దగ్గర కూర్చుంది, ఇక ఏ ఫోను మీదా భారం వేయకుండా. కాస్త పొద్దెక్కాక కారు వచ్చింది. ధనుంజయ తెల్ల బూట్లతో దిగాడు. వెనక ఏబేలు దిగాడు. లావుపాటి మనిషి, తక్కువ మాట్లాడతాడు, మోటర్లూ పైపులూ అమ్మి తల నెరిసినవాడు. దిగగానే ఫోను కంటే ముందు మిరప వైపు చూశాడు.

ధనుంజయ గూట్లోంచి ఫోను తీసి వెనక్కి తిప్పాడు. కుంకుమ బొట్టు కనబడింది.

"చూడండి సార్, ఫోనుకు బొట్టు! వీళ్లతో ఇట్లుంటది." నవ్వు కలుస్తుందేమోనని ఏబేలు మొహంలోకి చూశాడు. ఏబేలు నవ్వలేదు. "ఏం చేసినావు వదినా దీన్ని? నీళ్లతో కడిగినావా?"

"కడగలేదు. నవమి నాడు ఆపినా, దశమి నాడు లేపినా. అంతే."

"ఎందుకు ఆపినావు?"

"పూజ. పనిముట్టుకు ఆ పొద్దు పని చెప్పకూడదు."

ధనుంజయ ఆకాశంలోకి చూసి నిట్టూర్చాడు. "సరే, ఆపితే ఆపినావు. మళ్ళా ఆన్ అయితే యాప్ దానంతటదే లేస్తది. నేను రాసిందే అట్ల." ఎడం చెయ్యి అడ్డం పెట్టి తెర మీద గీత గీశాడు. ఫోను లోపల చిన్న గంట మోగింది. తెర పైభాగాన "కాపలా ఉంది" అని అక్షరాలు కనబడ్డాయి. "చూసినారా సార్? నడుస్తానే ఉంది. నిక్షేపం లాగుంది."

మాట పూర్తికాక ముందే స్టార్టర్ డబ్బా మీద దీపాలు వెలిగాయి. కరెంటు వచ్చింది. వెంటనే నాగేంద్రమ్మ నడుములో ఫోను మోగింది. ఎత్తకముందే అది ఎవరి గొంతో అందరికీ తెలుసు.

ధనుంజయ రెండు చేతులూ చాపాడు, గారడీ ముగించినవాడిలాగా. "ఇప్పుడేమంటావు వదినా? ఫోను రాలేదా? రానే లేదా?" ఏబేలు వైపు తిరిగి గొంతు తగ్గించాడు, తగ్గించినా వినబడేట్లే. "నిద్రపోయుంటది సార్. లేకుంటే ఇంకేదో పనిలో పడి మర్చిపోయింటది. తప్పు ఒప్పుకోలేక నా యాప్ మీద తోస్తా ఉంది. పల్లెటూళ్లలో వాడేవాళ్లతోనే సార్ మన బాధంతా."

ఏబేలు ఆమెవైపు చూసిన చూపులో కోపం లేదు. అనుమానం మాత్రం ఉంది. ఆమె ముందు స్టార్టర్ వేసింది. నీళ్లు పైపులోంచి ఎగిసి కాలవలో పడిందాకా అక్కడే నిలబడి, పార తీసుకుని పై సాళ్లకు మడవ తిప్పింది. తిరిగి వచ్చి చెయ్యి కడుక్కుంది. అప్పుడు మాట్లాడింది.

"ధనుంజయా, నేను అబద్ధమాడినానంటావా?"

"అబద్ధమని కాదు వదినా..."

"మరేంది? నవరాత్రుల్లో దీపం పెట్టుకున్నదాన్ని. ఎండిపోతున్న చేను ముందర నిలబడి అబద్ధమాడతానా?"

"మరి ఇప్పుడెట్ల వచ్చింది ఫోను?"

"నాకు తెలీదు. ఎట్ల వచ్చిందో నువ్వే చెప్పాల. నాకు తెలిసింది ఒకటే, ఆ పొద్దు నేనేం చేసినానో. అదే మళ్ళా చేస్తా. చూడు."

"హారతి కూడా ఇస్తావా?" అని ధనుంజయ నవ్వాడు.

"అవసరమైతే ఇస్తా. నీకూ ఇస్తా."

"చెయ్యనియ్యండి, పోయేదేముంది?" అన్నాడు ఏబేలు.

ఆమె ఫోను మీట నొక్కిపట్టి ఆపింది. గూట్లో పెట్టింది. అలవాటు కొద్దీ దణ్ణం కూడా పెట్టింది, ధనుంజయ పళ్లు కొరుక్కుంటున్నా సరే. మళ్లీ మీట నొక్కింది. అది వెలిగింది, పాట పాడింది, టైము చూపించింది. ధనుంజయ చెయ్యి చాపాడు.

"ముట్టొద్దు," అంది. "ఆ పొద్దు నువ్వు లేవు ఇక్కడ."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఛార్జర్ మీట ఆర్పింది, కాసేపాగి మళ్లీ వేసింది. "ఇదో, కరెంటు వచ్చింది," అంది.

ఆమె నడుములోంచి తీసి పట్టుకున్న తన ఫోను వైపే ముగ్గురూ చూశారు. మోటరు చప్పుడు ఒక్కటే. ఫోను మోగలేదు. ధనుంజయ "కొంచెం టైము పడతది" అన్నాడు. ఆగారు. మోగలేదు. "సిగ్నల్ ఏమో," అన్నాడు. ఏబేలు నంబరు అడిగి తన ఫోను నుంచి నాగేంద్రమ్మకు కొట్టాడు. చక్కగా మోగింది. ఆమె ఛార్జర్ మీట మళ్లీ ఆర్పి, మళ్లీ వేసింది. గూట్లోది టైము చూపిస్తూ పడుకుని ఉంది.

ధనుంజయ మొహంలో రంగు మారడం నాగేంద్రమ్మ చూసింది. అతనికి తెలిసిపోయింది. పన్ను పీకించుకునేవాడిలాగా నోరు తెరిచాడు.

"లాక్," అన్నాడు చివరికి.

"ఏం లాక్?" అన్నాడు ఏబేలు.

"ఫోను ఆపి మళ్ళా వేసినాక, ఫస్ట్ టైము లాక్ తీసేదాకా అది యాప్‌లకు లేచినానన్న కబురు చెప్పదు సార్. సేఫ్టీ కోసం అట్ల పెట్టినారు. కబురు పోకపోతే మన సర్వీసు స్టార్ట్ కాదు. సర్వీసు లేకపోతే కరెంటు వచ్చిందని వినేవాళ్లే ఉండరు. నేను టెస్ట్ చేసినప్పుడల్లా నా చేత్తో లాక్ తీసే చూస్తుంటి కదా... అందుకని నాకెప్పుడూ పనిచేసేది."

"తాళం పెట్టిందెవరు?"

"నేనే."

"తీసేది ఈమెకు నేర్పినారా?"

నాగేంద్రమ్మే అందుకుంది. "నేను అడిగినా సార్, ఎందుకని. నీకెందుకులే అన్నాడు."

"ఊళ్లో గొర్రెల కాడి పిల్లోళ్లు షెడ్లో దూరి వీడియోలు చూస్తారని పెట్టినా," అన్నాడు ధనుంజయ, కాస్త గొంతు పెంచి. "నీకు చెప్తే నువ్వు అందరికీ చెప్తావు. మీకు ఏది దాచాలో ఏది చెప్పాలో తెలియదు కదా!"

"మేమంటే నీకు అంత నమ్మకమన్నమాట," అంది ఆమె. గొంతులో కోపం లేదు. దుకాణంలో పుచ్చు వంకాయను తిప్పి చూసి పక్కన పడేసేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఇదంతా ఆ పూజ వల్ల వచ్చింది వదినా. ఫోను ఆపకపోయుంటే ఏ గొడవా లేదు."

"పూజ నేను చేసినా. ఒప్పుకుంటా. నాలుగు పొద్దులు కరెంటే రాకుండా పోయి ఛార్జింగ్ అయిపోయిందనుకో. అప్పుడు కూడా ఆగిపోతది కదా అది? అప్పుడెవరు పూజ చేసినట్టు?"

ఏబేలు కారు తాళాలు తీశాడు. "తాళం లేకుండా చేసి, ఒక పంట కాలం ఈమె చేతిలోనే నడిపించండి. ఈమె బాగుందంటే అప్పుడు నేనొస్తా," అన్నాడు. పోతూ పోతూ పై సాళ్ల దగ్గర ఆగి ఒక మొక్కను వేళ్లతో తాకి చూశాడు. "కింద బతుకుతదమ్మా. ఇదిగో ఈ పైది కష్టం," అని వెళ్లిపోయాడు. ధనుంజయను కారెక్కమని పిలవలేదు. మర్చిపోయాడో, పిలవబుద్ధి కాలేదో.

అతను బండలా నిలబడ్డాడు. "పోయింది," అన్నాడు. "మొత్తం పోయింది."

మిరప పోయిందంటున్నాడేమో అనుకుని నాగేంద్రమ్మ ఒక్క క్షణం మెత్తబడింది. కాదు, అతను కారు పోయిన దారి వైపు చూస్తున్నాడు.

"ఆ తాళం తీసెయ్," అంది.

"గీత నేర్పిస్తాలే. ఇట్ల చూడు, ఎల్ మాదిరి..."

"నాకు గీత వద్దు. తాళమే వద్దు."

అతను ఫోను తీసుకుని, లోపలికెక్కడికో పోయి, తాళం ఎత్తేశాడు. ఆమె మళ్లీ ఆపి, వేసి, ఛార్జర్ మీట ఆర్పి, వేసి చూసింది. నడుములోది మోగింది. తల ఊపింది. మెచ్చుకోలు కాదు. సరుకు చూసి తీసుకున్నానని చెప్పడం, అంతే.

నీళ్లు పై సాళ్ల చివరకు చేరేసరికి ఏది బతికిందో ఏది పోయిందో తేలింది. కింది సాళ్లు తల ఎత్తడం మొదలుపెట్టాయి. పైన ఎన్నో చోట్ల ఖాళీ. తడి ఉన్న ఈ పూటే కొత్త నారు నాటితేనే మిగతా పైరుతో కలుస్తుంది. లేదంటే ఆ నేలంతా ఈ ఏటికి పడావే, ఉత్త బీడే. నారు ఎక్కడుంది? ఇంకా నారుమడి మిగిలింది సుబ్బన్నకు ఒక్కడికే.

"పోయి సుబ్బన్నను నారు అడుగు," అంది.

"నేనా?"

"నువ్వే. నేను మడవ కాడ ఉండాల. నీళ్లు వదిలి పోలేను."

"వదినా, ఆయన్ని నేను..."

"ఆయన్ని నువ్వేమన్నావో ఊరందరికీ తెల్సు. ఆయనకూ తెల్సు. పో."

ధనుంజయ గట్టు దాటుకుని వెళ్లాడు. తెల్ల బూట్లు బురదలో దిగబడి, ఒకటి అక్కడే ఉండిపోయింది. వంగి దాన్ని పీక్కుని చేత్తో పట్టుకుని నడిచాడు. అవతలి చేలోంచి సుబ్బన్న గొంతు వినబడింది.

"ఏంది ఇంజినీరూ, నారు యాప్‌లో రాదా?"

ధనుంజయ ఏమన్నాడో వినబడలేదు. చాలా చిన్నగా అని ఉంటాడు.

"ఆ? ఏంది? గట్టిగా చెప్పు, నా ఫోను లాగా నా చెవులు కూడా పాతయి."

నాగేంద్రమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే మళ్లీ ఆగింది. ఈ నవ్వు మంచిదా? అతను మనుషుల్ని చూసిన చూపుకూ, ఇన్నాళ్లూ తను అన్నం వడ్డిస్తూ అతన్ని చూసిన చూపుకూ తేడా ఎంత? అమ్మవారిని అడిగితే ఏమంటుందో? తేడా ఉంది అనిపించింది. తన చూపు వల్ల ఎవరి చేనూ ఎండలేదు. అయినా ఆ జవాబు పూర్తిగా సరిపోయినట్లు అనిపించలేదు. దీపం పెట్టుకున్నప్పుడు తీరిగ్గా అడగాలి, ఇప్పుడు నీళ్లు గట్టు తెంపుకునేట్లున్నాయి అనుకుని పార పట్టుకుంది.

సుబ్బన్న నారు ఊరికే ఇవ్వలేదు. ధనుంజయ చేతనే పీకించాడు. అతను రెండు కట్టలు చంకన పెట్టుకుని వచ్చేసరికి ప్యాంటు మోకాళ్ల దాకా మట్టి కొట్టుకుపోయింది. వదిన ఏదైనా అంటుందేమో, కనీసం చాలులే అంటుందేమో అన్నట్లు నిలబడ్డాడు. ఆమె ఒక కట్ట విప్పి అతని చేతిలో పెట్టి, పై సాలు చూపించింది.

చిన్నప్పుడు చేసిన పనే, అయినా చేతులు మర్చిపోయాయి. మొక్కను పైపైన గుచ్చి, పక్క మొక్కకు పోయాడు. వెనకనుంచి ఆమె వచ్చి దాన్ని పీకి మళ్లీ అతని చేతికిచ్చింది.

"వేరు మడత పడింది. లోతుగా పెట్టి మట్టి అదుము."

"ఇట్లనా?"

"ఇంకా."

అతను అదిమాడు. ఆమె పట్టుకుని మెల్లగా లాగి చూసింది. మొక్క రాలేదు. పక్క సాలులోకి వెళ్లి నాటడం మొదలుపెట్టింది. కరెంటు ఇంకా ఉంది. పైరుకు ఆ పూట నీళ్లు చాలినన్ని అందాయి. పొద్దు కొండ మీదికి వంగేవేళకు పై సాళ్ల ఖాళీలన్నిటా లేత నారు తలలు వాల్చి నిలబడింది. అందులో ఎంత బతుకుతుందో అప్పుడే చెప్పలేం. కాటమరాజు కొండ దిగి వచ్చేలోపు మాత్రం తేలిపోతుంది.